సినిమా హాలు నుంచి వెలివాడ దాకా

చుండూరు గొడవ ఎక్కడ మొదలైంది? సినిమా హాల్లో. 1991 జూలైలో, చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు రెడ్ల కుర్రాడికి తగిలిందని. అంతే! కొట్టారు, దళితవాడను వెలేశారు, పనుల్లోకి రానియ్యలేదు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలు 2014లో హైకోర్టులో కొట్టుకుపోయాయి.

ఇరవై నాలుగేళ్ల తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మళ్లీ సినిమా దగ్గరే మొదలైంది. ఈసారి పీహెచ్‌డీ చదివే మన పిల్లల మీద.

నకుల్ సింగ్ సాహ్ని తీసిన డాక్యుమెంటరీ 'ముజఫర్‌నగర్ బాకీ హై'. 2013లో ఉత్తరప్రదేశ్‌లో అరవై మందికి పైగా చచ్చి, వేల ముస్లిం కుటుంబాలు శిబిరాల పాలైన సంగతి అందులో ఉంది. మంట ఎవరు పెట్టారు, దాని మీద ఓట్లు ఎవరు కాచుకున్నారు అని అడుగుతుంది. హిందీలో బాకీ అంటే ఇంకా మిగిలుందని. తెలుగులో బాకీ అంటే తీర్చాల్సిన అప్పు. మన అర్థమే దీనికి బాగా అతుకుతుంది.

2015 ఆగస్టు 1న ఢిల్లీ కిరోరిమల్ కాలేజీలో ఆ సినిమాను ఏబీవీపీ వాళ్లు అడ్డుకున్నారు. ఇక్కడ అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ నిరసన చేసింది. వీళ్లను గూండాలని ఏబీవీపీ నాయకుడొకాయన రాశాడు. గొడవైంది. కేంద్రమంత్రి ఢిల్లీకి ఉత్తరం రాశాడు. చివరికి ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులకు శిక్ష: హాస్టల్లో ఉండొద్దు, ఆఫీసు బిల్డింగులోకి రావొద్దు, ఎన్నికల్లో నిలబడొద్దు. అయ్యా ప్రొఫెసర్లూ, ఇదేం చదువు? బావి దగ్గరికి రావొద్దు, హోటల్లో అడుగుపెట్టొద్దు అని ఊళ్లో దొర వేసేదీ ఇదే శిక్ష కదా! పిల్లలు గుడారం వేసుకుని దానికి వెలివాడ అని పేరు పెట్టారు. వాళ్లలో ఒకడు రోహిత్ వేముల. 2016 జనవరి 17న మనకు దక్కకుండా పోయాడు.

సాయిబుల సినిమాతో మాల మాదిగలకేం పని అనేవాళ్లు మనలోనూ ఉన్నారు. వాళ్లను మేం ఒకటే అడుగుతున్నాం: మనోణ్ని పాలేరుగా, తాగుబోతుగా, నవ్వులపాలుగా చూపించే సినిమాలు ఏళ్ల తరబడి ఆడుతున్నాయే, వాటి నోరు ఎవరైనా మూయించారా?

సాహ్ని ఊరుకోలేదు. చలచిత్ర అభియాన్ పేరుతో పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో దళిత, ముస్లిం యువతకు కెమెరా పట్టడం నేర్పించే పని చేపట్టాడు. మనకూ అదే కావాలి. ఏప్రిల్ 14న డీజే పెట్టెలకు పోసే డబ్బులో కొంత పెడితే ప్రొజెక్టరు అద్దెకొస్తుంది. తెరకు తెల్ల దుప్పటి చాలు. హిందీ రానోళ్లకు మైకులో ఒకరు తెలుగులో చెప్పాలి. మేం ఒక వాడలో అట్లాగే చూపించాం. అయిపోగానే ఒక ముసలమ్మ లేచి, ఆ శిబిరాల్లోవాళ్లు మళ్లీ తమ ఇళ్లకు చేరారా నాయనా అని అడిగింది. చాలామంది చేరలేదమ్మా అని చెప్పాం.