శస్త్రమునకు ముందు చూపు

మలముతో రక్తము పడినదనగానే మొలలని నిర్ణయించి చూర్ణము పొట్లము కట్టి యిచ్చు అలవాటు మా వైద్యులలో పలువురికి కలదు. సుశ్రుతసంహితలో దీనికి ఆధారము లేదు. అందు చెప్పబడిన అర్శోయంత్రము ఆవు చన్ను ఆకారమున నుండి, రెండు రంధ్రములు కలిగియుండును: ఒకటి చూచుటకు, రెండవది క్షారాగ్నికర్మలకు. చూడక చేయు చికిత్స శాస్త్రసమ్మతము కాదు.

కనుక రక్తము పడుచున్నవారిని, మలప్రవృత్తి మారినవారిని ముందుగా వ్రేలితో పరీక్షించి, అనుమానము కలిగినచో కొలనోస్కోపీకి పంపవలెను. ముక్క పరీక్షలో మలాశయ అర్బుదమని తేలినచో శస్త్రచికిత్సకు ముందు ఎం.ఆర్.ఐ. తీయుదురు. వృథా ఖర్చని గొణుగువారున్నారు. వారికి వంతపాడు వైద్యులును ఉన్నారు. నేను వారితో ఏకీభవింపను.

మలాశయము చుట్టును కొవ్వు, ఆ కొవ్వును చుట్టి పలుచని తెర యుండును. అర్బుదము ఆ తెరకు 1 మి.మీ. లోపునకు వచ్చినచో, నేరుగా కోసినప్పుడు శేషము మిగిలి రోగము తిరుగబెట్టు ప్రమాదమెక్కువ. అట్టివారికి సాధారణముగా రేడియేషను, కీమోథెరపీ ఇచ్చి, కుదించిన పిదప కోయుదురు. ఈ దూరమును చూపునది మామూలు ఎం.ఆర్.ఐ. చిత్రమే.

డిఫ్యూజన్ అను పద్ధతి విలువ ముఖ్యముగా ఆ చికిత్స ముగిసిన తరువాత తెలియును. ఇది నీటి అణువుల కదలికను పట్టును. కణములు క్రిక్కిరిసిన అర్బుదములో నీటికి మసలు చోటు తక్కువ గనుక అది తెల్లగా మెరయును. మానిన మచ్చ సాధారణముగా అట్లు మెరయదు. మచ్చకు కత్తి యెందుకు? రోగము పూర్తిగా మాయమైనవారిని కోయక కనిపెట్టియుండిన ఫలితములను బ్రెజిల్ శస్త్రవైద్యురాలు ఆంజెలిటా హబర్-గామా 2004లో ప్రకటించిరి. జీవితాంతము పొట్టకు సంచి కట్టుకొనవలసిన రోగికి ఈ తేడా చిన్నది కాదు.

అయితే మలాశయములోని వాయువు చిత్రమును చెదరగొట్టును. జిగురుతో నిండిన అర్బుదములు మోసగించును. ఆరోగ్యముగానున్న లింఫు గ్రంథులు కూడ మెరయును! కనుక ఒక్క మెరుపును బట్టి తీర్పు చెప్పరాదు. వ్రేలి పరీక్ష, ఎండోస్కోపీ కూడ ఆ మాటనే చెప్పవలెను. కోయక విడిచినవారు ఏండ్లతరబడి, తొలి రెండు మూడేండ్లు మరీ తరచుగా, పరీక్షలకు పోవలెను. అంత ఓపిక లేనివారు ఆ దారి పట్టరాదు.

కరక్కాయతో అర్బుదము కరుగునా యని అడుగువారు కలరు. కరక్కాయ మలబద్ధమునకు మంచిది; అర్బుదమును కరిగింపదు. రేడియేషను నడుచుచుండగా విరేచనములగుచున్నవారు దానిని కూడ మానవలెను.