ఉద్దానపు తోటలు

2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాలో పలాసకు సమీపమున తీరము దాటినది. గంటకు 140 కిలోమీటర్లకు తక్కువగాని వేగముతో వీచిన గాలికి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరితోటలు నేలకొరగినవి; జీడిమామిళ్లు వేళ్లతో పెల్లగిలినవి.

వరి పోయిన రైతు మరుసటి యేట మరల నాటుకొనును. కొబ్బరి పోయినవాని గతి యట్లు కాదు. తాత నాటిన చెట్టు మనుమని పోషించుచుండెను. నేడు మొక్క పెట్టినను కాపునకు అయిదారేండ్లు పట్టును. అంతవరకు ఆ కుటుంబము దేనితో బ్రదుకవలెను? కూలిన మ్రానులను కోయించి తొలగించుటకే చేతిసొమ్ము వ్యయమగునే!

చెట్టునకింతయని లెక్కగట్టి యొక్కసారి యిచ్చి ఊరకుండుట మా యభిప్రాయమున సహాయము కానేరదు. అదియైనను తరచుగా పట్టా గలవానికే చేరును. కౌలుదారునకు పట్టా లేదు. పలాసలో జీడిపిక్కలు కొట్టి పొట్ట పోసికొను స్త్రీలకు పట్టాయును లేదు, చెట్టును లేదు; వారి పేరులను ఏ జాబితాలో వ్రాయుదురు?

2014లో హుద్‌హుద్ విశాఖపట్టణమును గొట్టినపుడు దేశమంతయు నటు చూచెను. పల్లెల తోటలకు అంతటి చూపు దొరకదు. ఈ తీరమునకు తుపానులు మరల రాక మానవు. కాపు వచ్చునందాక ఏటేట భృతియు, ఋణవసూలు నిలుపుదలయు ప్రభుత్వమువారు ఇప్పుడే నిబంధనలలో జేర్చవలెను. జాబితాలను పట్టాలనుబట్టి గాక, తోటలలో పనిచేయువారినిబట్టి సిద్ధపరుపవలెను.