ముందు నుయ్యి, వెనుక గొయ్యి



ముప్పయ్యేళ్లకు పైగా పిల్లలకు బాలవ్యాకరణం చెప్పినవాణ్ణి. ఔపవిభక్తికాల పాఠం వచ్చినప్పుడల్లా ‘నుయ్యి’ నూతి అవుతుంది, ‘గొయ్యి’ గోతి అవుతుంది, రెంటికీ ‘తి’ వర్ణమే అని నల్లబల్ల మీద వ్రాసి, ‘ముందు నుయ్యి, వెనుక గొయ్యి’ అన్న సామెతను జోడించేవాణ్ణి. ఆ సామెత మా పొలిమేరలోనే అక్షరాలా కనబడుతుందని నాడు తలచలేదు.

మా నల్లజర్ల మెట్ట సీమ. 2022 ఏప్రిల్‌లో తూర్పు గోదావరి జిల్లాలోకి మారాము గాని, మా నీటి కథ మారలేదు. డెల్టావారికి కాలువ ఉన్నది, మాకు బోరే దిక్కు. పొగాకు, ఆయిల్‌పామ్, కొబ్బరి, కోకో అన్నీ భూగర్భ జలం మీదనే బ్రతుకుతున్నాయి. పైన ఎర్ర గ్రావెల్, దాని క్రింద శాస్త్రజ్ఞులు రాజమండ్రి ఇసుకరాయి అని పిలిచే పొర. వాననీరు ఇంకేది ఆ దారినే. రోడ్లకూ, ఇళ్ల స్థలాల మెరకకూ గిరాకీ ఉన్నదీ ఆ గ్రావెల్‌కే.

తవ్వినవారు వెళ్లిపోతారు, గొయ్యి మిగులుతుంది. ఖాళీ గొయ్యి కనబడితే చెత్త ట్రాక్టరు దానిని వెదుక్కుంటూ వస్తుంది. నేను నడకకు వెళ్లే దారిలో అటువంటిదొకటి ఉన్నది. ప్లాస్టిక్ సంచులు, కోళ్ల వ్యర్థాలు, వాడి పారేసిన సూదులు అన్నీ అందులోనే. మొన్న దాని గట్టున ఒక రైతు కొత్త బోరుకు చోటు చూపించుకుంటున్నాడు. “బాబూ, ఇక్కడా?” అంటే, “నీళ్లు ఇక్కడే పడతాయన్నారు మాస్టారూ” అన్నాడు. అతని తప్పేమున్నది? వద్దనే చట్టమేదో నేనూ చెప్పలేకపోయాను.

చట్టాలు లేకపోలేదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రజల తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా వేరొక బావి తవ్వరాదన్నది. 2016 నాటి ఘనవ్యర్థాల నియమావళి చెత్తను పూడ్చే చోటు చెరువుకూ, తాగునీటి బావికీ 200 మీటర్లు, నదికి 100 మీటర్లు దూరంగా ఉండాలన్నది. రోజుకు 5 టన్నులకు మించిన కేంద్రాల చుట్టూ ఏ నిర్మాణమూ లేని వలయం ఉంచమన్నది. అయితే ఆ నియమావళి ముఖ్యంగా పట్టణాలను ఉద్దేశించినది. పల్లెటూరి గొయ్యి ఆ లెక్కకు అందలేదు.

తవ్వకాల సంగతీ అంతే. 5 హెక్టార్ల లోపు క్వారీలకూ పర్యావరణ అనుమతి ఉండవలసిందేనని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో చెప్పవలసి వచ్చింది. 2020 మార్చిలో కేంద్రం రోడ్ల వంటి పనులకు తీసే మట్టిని ఆ అనుమతి నుండి మినహాయించింది. ఆ మినహాయింపును అదే న్యాయస్థానం 2024 మార్చి 21న కొట్టివేసింది. మధ్యలో గడిచిన నాలుగేళ్లలో తవ్విన మట్టి తిరిగి రాదు కదా!

గోదావరి ప్రాంతంలో చమురు బావి తవ్వే సంస్థ కూడా తన బురదను అడుగున ప్లాస్టిక్ పొర పరచిన గోతిలోనే ఉంచాలి. మా చెత్త గోతికి అడుగున ఉన్నది నీటిని పీల్చే ఇసుకరాయి. ఏది పెద్దదో దానికి చట్టం, ఏది చిన్నదో దానికి క్షమ. ఒక్క మండలంలో పది చిన్న గోతులు కలిస్తే ఒక పెద్ద గొయ్యి కాదా?

“చిన్న రైతును ఇంకొక కాగితం కోసం తిప్పమంటారా?” అని మిత్రులు అడుగవచ్చు. వద్దు. భారం తవ్వినవానిది కావాలి. గ్రావెల్ అనుమతితోపాటే గొయ్యిని మట్టితో పూడ్చే పూచీ తీసుకోవాలి. పాత గోతులన్నిటినీ గ్రామ సచివాలయం పటంలో గుర్తించి, బోరు అనుమతి కోరిన రైతుకు ఆ పటం చూపాలి. గోతుల దాపునున్న తాగునీటి బోర్లను ఏటా పరీక్షించి, ఫలితాన్ని గ్రామసభలో చదవాలి. ఇందులో రైతుకు ఖర్చు లేదు.

నేనూ నిర్దోషిని కాను. మా ఇంటి పునాదికి పోయించిన మెరక ఆ గోతిలోనిదే. నాడు ధర అడిగాను గాని, ఆ గొయ్యిని ఎవరు పూడుస్తారని అడుగలేదు.

వ్యాకరణం నూతినీ గోతినీ ఒక్క సూత్రంతో కట్టింది. ప్రభుత్వం నూతినొక శాఖకూ, గోతినొక శాఖకూ, చెత్తనొక శాఖకూ పంచింది. భూమి లోపల నీటికి ఆ శాఖాభేదం తెలియదు.

మీ ఊళ్లలోని పాత గోతులు ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నవో తెలుపగలరు.