డిగ్రీ మీద పఛ్తావా ఎందుకొస్తుంది?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి మా బోరబండలో ఏ ఇంట్లో చాయ్ తాగినా ఒకటే సవాల్: "బచ్చే కో క్యా దిలానా?" పిల్లోడికి ఏ కోర్సు ఇప్పిద్దాం అని. ఆ దిలానా అనే మాట చూడండి. ఈద్‌కు బట్టలు ఇప్పించినట్టే డిగ్రీ కూడా ఇప్పిస్తున్నాం. ఇప్పించేది అబ్బా, తొడుక్కునేది బచ్చా. బట్టలు బిగుతైతే మరుసటి ఈద్‌కు మార్చుకోవచ్చు. డిగ్రీ మూడేళ్లో నాలుగేళ్లో ఒంటి మీదే ఉంటుంది, దాని పేరు మాత్రం జిందగీ అంతా వెంట వస్తుంది.

పేపర్లో పనిచేస్తాను కాబట్టి నాకు లోకం తెలుసని మొహల్లాలో ఒక గలత్ ఫహమీ ఉంది. అందుకని పిల్లల్ని మష్వరా కోసం నా దగ్గరికి పంపుతుంటారు. చదువు అయిపోయినవాళ్లూ వస్తారు. సివిల్ ఇంజనీరింగ్ చదివి ఫుడ్ డెలివరీ చేస్తున్న ఒక తమ్ముడు, "భాయ్, నాకు లెక్కలంటేనే భయం. నాలుగేళ్లు ఎట్ల లాగిన్నో అల్లాకే తెలుసు" అన్నాడు. ఇంకో అబ్బాయి బీకామ్ చేసిండు, జీతం సరిపోక పరేషాన్‌లో ఉన్నడు. మైక్రోబయాలజీ చదివిన ఒక చెల్లె, "సబ్జెక్ట్ మీద నాకేం షికాయత్ లేదు భాయ్‌జాన్. ల్యాబ్‌లో నౌకరీకి పోనివ్వలేదు, అదే అఫ్సోస్" అంది. ముగ్గురూ వాడిన మాట ఒకటే, పఛ్తావా. దర్ద్ మాత్రం ఒకటి కాదు.

అందుకే ఎవరైనా చదివిన చదువు మీద పఛ్తావా అంటే ముందు ఒకటి అడుగుతాను. నీ బాధ జీతం మీదా, సబ్జెక్ట్ మీదా, లేక నిన్ను ఎవరూ అడగలేదనా? జీతం తక్కువైతే ఇంకో హునర్ నేర్చుకుని పెంచుకోవచ్చు. సబ్జెక్ట్ నచ్చకపోతే మారడానికి దారులున్నాయి, వాటి గురించి కింద చెబుతాను. కానీ 'నా చదువు గురించి నన్నే అడగలేదు' అన్న బాధకు అంత తేలిగ్గా దవా దొరకదు. నలభై ఏళ్లొచ్చినా అది ముల్లులాగ గుచ్చుతుంటే చూశాను.

ఇదే సవాల్ నన్నూ అడుగుతారు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీలో తెలుగు. ఆ రోజుల్లో ఒక మామూ "తెలుగు పఢ్ కే క్యా కర్తా రే, పంతులు బన్తా?" అని నవ్వారు. అలిఫ్ బే రాసిన చేత్తో సంధులు, సమాసాలు రాయడానికి మొదటి ఏడాదంతా చెమటలు పట్టాయి. ఉత్పలమాలకు గణాలు కట్టడం కంటే, సాయబుల పిల్లోడివి నీకు తెలుగెందుకు అన్నవాళ్లకు జవాబ్ చెప్పడం ఎక్కువ ముష్కిల్ అయ్యింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మా ఖాలా కొడుకు జీతం ముందు నా జీతం చెప్పుకునేది కాదు. అయినా పఛ్తావా లేదు. ఎందుకంటే ఆ రోజు అబ్బా నన్ను కూర్చోబెట్టి "తేరా దిల్ కిధర్ హై?" అని అడిగారు. తెలుగు అన్నాను. కొంచెం సేపు చుప్‌గా ఉండి, సరే అన్నారు. ఆ తర్వాత ఎంత తక్లీఫ్ వచ్చినా అది నేను తీసుకున్నదే కాబట్టి మోయగలిగాను.

"అదంతా బాగానే ఉంది భాయ్, స్కోప్ చూడాలి కదా" అంటారు. చూడాలి. అయితే స్కోప్ ఎంత నమ్మదగ్గ దోస్తో మన హైదరాబాద్ తారీఖే చెబుతుంది. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైనప్పుడు అక్కడ చదువు చెప్పింది ఉర్దూలో. దారుల్ తర్జుమా పెట్టి సైన్సు, చరిత్ర, తత్వశాస్త్రం పుస్తకాలన్నీ ఉర్దూలోకి తెచ్చారు. డాక్టరీ కూడా ఉర్దూలోనే చదివారు. రియాసత్‌లో నౌకరీ కావాలనుకునేవాడికి అది పక్కా చదువు. 1948లో పోలీస్ యాక్షన్ జరిగింది. రియాసత్ పోయింది. తర్వాత యూనివర్సిటీ ఇంగ్లీషుకు మారింది, దఫ్తర్ల జబాన్ మారింది. ఉర్దూలో చదువుకున్న ఒక తరం కాళ్ల కింద నేల కదిలింది. వాళ్లు తీసుకున్నది గలత్ చదువు అని ఎవరంటారు? వక్త్ మారింది, అంతే.

అదే తరంలో సి. నారాయణరెడ్డి గారున్నారు. సిరిసిల్ల వైపు హనుమాజీపేటలో పుట్టి బీఏ దాకా ఉర్దూ మీడియంలోనే చదివారు. తర్వాత ఉస్మానియాలో తెలుగు ఎంఏ, పీహెచ్‌డీ చేశారు. 1988కి జ్ఞానపీఠ్ అందుకున్నారు. ఆయన చదివిన ఉర్దూ ఎక్కడికీ పోలేదు, తెలుగు గజల్ అయి తిరిగొచ్చింది. చదివింది ఒకటి, చేరింది ఇంకో చోటు అయినంత మాత్రాన చదువు బర్బాద్ కాదని చెప్పడానికి ఇంతకంటే మిసాల్ నాకు తెలియదు.

ఇప్పటి స్కోప్ చూడాలంటే అమీర్‌పేట దాకా పోతే చాలు. 2000కు ముందు మైత్రీవనం చుట్టూ మెయిన్‌ఫ్రేమ్స్, కోబాల్ బోర్డులు. తర్వాత మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అన్నారు. తర్వాత జావా, డాట్ నెట్, టెస్టింగ్. ఇప్పుడు డేటా సైన్స్, ఏఐ. ఈ ఏడాది బోర్డు చూసి నాలుగేళ్ల చదువు తీసుకుంటే పిల్లోడు బయటికొచ్చేసరికి ఆ బోర్డు అక్కడుంటుందన్న గ్యారంటీ ఎవరిస్తారు?

మన ఇళ్లల్లో ఫైసలా ఎట్లా జరుగుతుందో కూడా మాట్లాడుకోవాలి. 2007లో వెనకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. మేస్త్రీ కొడుకు, ఆటో డ్రైవర్ బిడ్డ ఇంజనీరింగ్ కాలేజీ గుమ్మం తొక్కింది వీటివల్లే. అది చిన్న మేలు కాదు. కానీ దాంతో పాటు ఒక అలవాటు కూడా వచ్చింది. ఫీజు ఎంత మాఫ్ అవుతుంది, కాలేజీ బస్సు సైట్-3 దాకా వస్తుందా, పక్కింటి పిల్లలు ఎక్కడ చేరారు? వీటికి జవాబ్ దొరికితే అడ్మిషన్ అయిపోయినట్టే. పైగా బోరబండలో ఎంఎంటీఎస్ ఎక్కితే లింగంపల్లి వైపు మొదటి స్టేషనే హైటెక్ సిటీ. అంత దగ్గర కనబడేసరికి ప్రతి అమ్మీకీ తన బచ్చా మెడలో కార్డు వేసుకుని ఆ రైలు దిగుతున్నట్టే ఉంటుంది. ఆ ఆశను నేను తప్పు పట్టను. ఆ ఆశ బచ్చాకు కూడా ఉందా లేదా అన్నది ఒక్కసారి అడగమంటాను.

ఆడపిల్లల విషయంలో మన లెక్క ఇంకా అన్యాయం. సబ్జెక్ట్ కంటే ముందు కాలేజీ దూరం చూస్తాం. చదువు పూర్తయ్యాక "రిష్తా వచ్చేదాకా చదివించాం కదా" అంటాం. మైక్రోబయాలజీ చెల్లె బాధ అదే. అట్లాంటి బిడ్డకు వేరే కోర్సు ఇప్పించినా పఛ్తావా పోదు. నేర్చుకున్న హునర్‌తో పనిచేయనిస్తేనే పోతుంది.

"దిల్ అడగడం పైసలున్నోళ్ల ముచ్చట, మా ఇంట్లో ఎట్ల కుదురుతుంది?" అని ఒక అబ్బా నన్ను నిలదీశారు. సవాల్ వాజిబే. కానీ నేను ఉల్టా చెబుతాను. పైసలున్న ఇంట్లో పిల్లోడు ఒక కోర్సు వదిలి ఇంకోటి చేరితే తట్టుకుంటారు. రోజువారీ కమాయి మీద నడిచే ఇంట్లో బ్యాక్‌లాగ్‌లతో పోయిన ఏడాది మళ్లీ రాదు. ఒకే మౌకా ఉన్నవాళ్లే ఎక్కువ అడగాలి. పెద్దలు చెప్పొద్దని కాదు. ఫీజు, దూరం, ఇంటి హాలత్ అన్నీ బచ్చా ముందు పెట్టాలి, వాటి మధ్యలోనే వాడి దిల్ ఏమిటో వినాలి.

ఇప్పటికే గలత్ కోర్సులో కూర్చున్న పిల్లలకు కొన్ని మాటలు. ఏ డిగ్రీ ఉన్నా గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు రాయొచ్చు. లాసెట్ రాసి మూడేళ్ల లా చదవొచ్చు. ఐసెట్‌తో ఎంబీఏలో చేరొచ్చు. ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉంటే ఎంసీఏ కూడా. సివిల్స్ మెయిన్స్‌కు ఆప్షనల్‌గా తెలుగు సాహిత్యం ఉంది, ఉర్దూ సాహిత్యం కూడా ఉంది. పని చేసుకుంటూ చదవాలంటే జూబ్లీహిల్స్‌లో 1982 నాటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. గచ్చిబౌలిలో 1998 నుంచి ఉర్దూలో చదువు చెబుతున్న మౌలానా ఆజాద్ యూనివర్సిటీ ఉంది. రెండూ మన ఇంటికి దూరం కాదు. కాలేజీ మారదామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వమని భయపెట్టేవాళ్లుంటారు. విద్యార్థుల ఒరిజినల్స్ కాలేజీలు తమ దగ్గర పెట్టుకోవద్దని యూజీసీ 2018లోనే ఆదేశించింది. ఆ కాగితం ప్రింట్ తీసి చేతిలో పెట్టుకుని వెళ్లండి.

ఇక అమ్మీ, అబ్బాలకు నా గుజారిష్ ఒకటే. దోస్త్‌లో ఆప్షన్లు పెట్టే ముందు ఆ కోర్సు ఫస్టియర్ సిలబస్ తెప్పించి బచ్చా చేతికివ్వండి. రెండు రోజులు చూడనివ్వండి. తర్వాత అడగండి. "నాకు తెల్వదు" అన్నా కోపం చేయొద్దు, అదీ ఒక జవాబే. అప్పుడు ఆ చదువు చదివి పనిచేస్తున్నవాళ్లు ఎవరున్నారో వెతికి వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఒక నర్సో, ఒక వకీలో, ఒక అకౌంటెంటో మన గల్లీలోనే దొరుకుతారు. ఒక పూట ఖర్చవుతుంది, మహా అయితే రెండు చాయ్‌లు.