ఇఖామా చెప్పని పని

ఆమిల్. అరబ్బీలో కూలీ అని అర్థం. సౌదీలోని నజ్రాన్‌లో మా గదిలో ఉండే ఆరుగురిలో నలుగురి ఇఖామాల (నివాస అనుమతి కార్డుల) మీద వృత్తి అన్నచోట ఉన్న మాట అదే. ఐదోవాడు కాగితం ప్రకారం గొర్రెల కాపరి. వచ్చి పదకొండేళ్లయింది, గొర్రెను కబ్సా పళ్లెంలో తప్ప చూడలేదు. ఆ పదకొండేళ్లూ టైల్స్ వేశాడు. ఆరోవాణ్ని నేను. లెక్కలు రాస్తాను. మా గదిలో నిజం పలికే ఇఖామా నాదొక్కటే.

ఆ నలుగురు ఆమిల్‌లలో ఒకడు జగిత్యాల జిల్లా కుర్రాడు. తొమ్మిదేళ్లుగా ఏసీలు బాగుచేస్తున్నాడు. ఔట్‌డోర్ యూనిట్ మీద అరచెయ్యి ఆనించి, చప్పుడు విని, పోయింది కెపాసిటరో ఫ్యాన్ మోటారో చెప్పేస్తాడు. మెట్‌పల్లిలో సొంత సర్వీసు షాపు పెట్టాలని పోయిన ఛుట్టీలో అప్పు కోసం ఒక బ్యాంకు మెట్లెక్కాడు. పని వచ్చనడానికి కాగితం ఏదన్నారు. కాగితం ఉంది. దాని మీద ఆమిల్ అని ఉంది. తొమ్మిదేళ్ల విద్యను ఒక్క మాట మింగేసింది.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వాడి పేరు మూడుచోట్ల ఉంది: కఫీల్ (స్పాన్సర్) ఫైల్లో, ఇఖామా మీద, ఇంటికి డబ్బు పంపిన రసీదుల మీద. మూడూ వేరేవాళ్లు రాసినవే. తన గురించి తను రాసుకున్నది ఒక్క ముక్క లేదు.

అందుకే గొంతు చించుకుని చెప్తున్నాను. గల్ఫ్‌లో పని నేర్చి రేపు సొంత కాళ్ల మీద నిలబడాలనుకునే ప్రతి కుర్రాడూ వారానికోసారి తన పని గురించి ఆన్‌లైన్‌లో రాయాలి. తెలుగులో రాయాలి, సొంత పేరుతో రాయాలి. వాడికి మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

పరీక్షలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2021లో సౌదీ మొదలుపెట్టిన నైపుణ్య పరీక్షను ఎలక్ట్రీషియన్లకు, ప్లంబర్లకు, వెల్డర్లకు, ఏసీ మెకానిక్‌లకు ఇప్పుడు మన దేశంలోనే పెడుతున్నారు. మంచిదే, కొత్తగా వచ్చేవాడి కాగితమైనా సరిగ్గా పడుతుంది. కానీ పరీక్ష ఒక పూట ముచ్చట. జులై ఎండలో నాలుగో అంతస్తు డాబా మీదికి, లీకు దొరక్క మూడోసారి ఎక్కినవాడి ఓపికకు మార్కులు వేసేదెవరు?

ఇంతలో ఇంకో జాతి దాపురించింది. పర్సనల్ బ్రాండింగ్ నేర్పుతామంటూ ఫోన్లో దూరే గురువులు. వాళ్ల దగ్గర ఫీజు కట్టి నేర్చినవాళ్ల రాతలు చూడండి. ఏడుసార్లు పడ్డాడట, ఎనిమిదోసారి లేచాడట! పడింది ఎక్కడో, ఎంత పోయిందో, ఎవరికి బాకీ తీర్చాడో ఒక్క అక్షరం ఉండదు. గెలవాలంటే తెల్లవారి ఐదింటికే లేవాలని ఒకడి ఉపదేశం. నాలుగున్నరకే లేచి పికప్ వెనకాల ఎక్కేవాడికి ఐదింటి సుద్దులు చెప్పే మొహాలు! ఆ రాతతో లైకులు వస్తాయి. తన ఇంటి తాళం ఇచ్చి ఏసీ బాగుచేయించుకునే నమ్మకం మాత్రం రాదు.

గొప్పలు చెక్కుకుంటే ఏమవుతుందో చూడ్డానికి మాకు దూరం పోనక్కర్లేదు. నజ్రాన్‌కు ఉత్తరాన హిమా ఉంది. ఒంటెల బిడారులు నీళ్లకు ఆగిన చోటు. అక్కడి బావుల్లో ఇప్పటికీ మంచినీళ్లు ఊరుతున్నాయి. అక్కడి బండల నిండా బొమ్మలూ రాతలూ. ముస్నద్, థమూదిక్, గ్రీకు, అరబ్బీ, ఎవరికొచ్చిన లిపిలో వాళ్లు గీకారు. 2021లో హిమా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఆ బండల్లో, యెమెన్‌ను ఏలిన హిమ్యర్ రాజు యూసుఫ్ సేనాని 523లో చెక్కించిన శాసనం ఒకటుంది. ఇన్ని వేలమందిని చంపాం, ఇన్ని వేలమందిని చెరపట్టాం, ఒంటెలూ ఆవులూ గొర్రెలూ కలిపి 2,90,000 తోలుకొచ్చాం అని ఏకరువు. నజ్రాన్ క్రైస్తవుల ఊచకోత జరిగిన రోజులవి. కొద్దికాలానికే ఆఫ్రికా నుంచి అక్సుమ్ రాజ్య సైన్యం సముద్రం దాటి వచ్చి ఆ రాజ్యాన్ని కూల్చేసింది. లోకం యూసుఫ్‌ను హంతకుడిగానే గుర్తుంచుకుంది. తిరుగులేని సాక్ష్యం అతని సేనానే రాతిలో పెట్టి ఇచ్చాడు. రాత ఎవడి మాటా మరిచిపోదు తమ్మీ. గొప్పలు రాస్తే గొప్పలనే దాచిపెడుతుంది.

పని రాసినవాళ్ల సంగతి వేరు. అమెరికాలో జోయెల్ స్పోల్‌స్కీ 2000లో సాఫ్ట్‌వేర్ పనిలో ఏది ఎందుకు చెడుతుందో రాయడం మొదలుపెట్టాడు, అదే ఏడు చిన్న కంపెనీ పెట్టాడు. జెఫ్ అట్‌వుడ్ 2004 నుంచి అదే పని చేశాడు. ఇద్దరూ కలిసి 2008లో ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో తెరిస్తే మొదటిరోజే వచ్చి కూర్చున్నవాళ్లు ఎవరు? ఏళ్ల తరబడి వీళ్ల రాతలు చదివినవాళ్లే. వాళ్లు ఇంగ్లిష్ వాళ్లు, కంప్యూటర్ల వాళ్లు అని తప్పించుకోకండి. మంచి మెకానిక్‌కు మెట్‌పల్లిలో కరువు తక్కువా?

మా కుర్రాడికి చెప్తే మొదట నవ్వాడు. "అన్నా, నేను సదివింది ఏడో తరగతి. నాకు రాసుడొస్తదా?" అన్నాడు. కస్టమర్‌కు చెప్పినట్టు ఫోన్‌కు చెప్పమన్నాను. శుక్రవారం మధ్యాహ్నం, స్టవ్ మీద పప్పు ఉడుకుతుండగా, మంచం మీద కూర్చుని మాట్లాడాడు, ఫోన్ రాసుకుంది. "గ్యాస్ పెట్రోల్ లెక్క అయిపోయేది కాదు. మూసిన గొట్టంల తిరుగుతనే ఉంటది. తగ్గిందంటే ఏడనో కారుతుంది. లీకు పట్టకుండ గ్యాస్ నింపుత అన్నోనికి పైసలియ్యకుండ్రి. నట్లకాడ సబ్బు నురుగు పెట్టిచ్చుండ్రి." నేను అచ్చుతప్పులు దిద్దాను, అంతే. ఒక్క మాట కలపలేదు.

రెండో వారం తన తప్పే రాశాడు. తొందరలో గొట్టాల్లోని గాలీ తడీ లాగెయ్యకుండానే గ్యాస్ వదిలాడు. ఆర్నెల్లకు కంప్రెసర్ కొట్టేసింది, ఖర్చు జేబులోంచి పెట్టుకున్నాడు. అది రాయొద్దని గదిలో అందరూ మొత్తుకున్నారు, పరువు పోతుందన్నారు. ఎక్కువమంది చదివింది దాన్నే. తప్పు ఒప్పుకున్న చేతికి తాళం ఇవ్వొచ్చని మనుషులకు తెలుసు.

నలభై వారాలు దాటింది. ఒక్కసారి రాయడం ఎవడైనా రాస్తాడు. నలభైసార్లు రాయాలంటే చేతిలో పనుండాలి. పని తెలియనివాడికి నాలుగో వారానికే సరుకు నిండుకుంటుంది, ఐదో వారం మళ్లీ సుద్దుల్లో పడతాడు. వారం వారం రాయడంలో ఉన్న బలం అదే.

చెయ్యకూడనిది కూడా చెప్తాను, లేకపోతే నా వల్ల ఎవడో చిక్కుల్లో పడతాడు. లైసెన్సు లేకుండా సౌదీ వాడి పేరు చాటున వ్యాపారం చేస్తే 2020 చట్టం కింద 5 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల రియాళ్ల దాకా జరిమానా. లైసెన్సు లేని విదేశీయులు సోషల్ మీడియాలో ప్రకటనలు వెయ్యకూడదని 2022లో ఆదేశం వచ్చింది. కాబట్టి ఇక్కడుండగా రేట్లు పెట్టొద్దు, ఫోన్ చేయండని రాయొద్దు, ఎవరి ఇల్లూ ఎవరి మనుషులూ ఫొటోలో రానీయొద్దు. నేర్చిన పని రాయండి. దుకాణం ఊళ్లో తెరుద్దురుగాని.

పెద్దలు కొందరున్నారు. "ఖల్లివల్లి, రాతలెందుకురా, పని చేసుకో" అంటారు. వాళ్లనే అడుగుతున్నాను: తలొంచుకుని ముప్పై ఏళ్లు పనే చేశారు కదా, ఊళ్లో మిమ్మల్ని ఏమని పిలుస్తున్నారు? మేస్త్రీ అనా, వెల్డర్ అనా? సౌదీ పోయొచ్చినాయన అంటున్నారు. ఎడారిలో మీరు లేపిన గోడలు అక్కడే నిలబడి ఉన్నాయి, మీ పేరే మీ వెంట రాలేదు.

మొన్న రాత్రి కోరుట్ల నుంచి ఒకాయన మా కుర్రాడికి ఫోన్ చేశాడు. ముందూ వెనకా పరిచయం లేదు. "తమ్మీ, మా ఏసీకి ఏడాదికోసారి గ్యాస్ నింపి పోతుండ్రు. నువ్వు రాసినట్టు సబ్బు నురుగు పెట్టిచ్చిన, నట్టుకాడ బుడగలొచ్చినై. నువ్వు ఎప్పుడొస్తవ్?"

వచ్చే ఏడు వస్తానన్నాడు. ఎగ్జిట్ కాగితం మీద ఆమిల్ అనే ఉంటుంది. ఉండనీ. ఆ కాగితం అడిగేది ఎయిర్‌పోర్టులోనే. కోరుట్లలో ఆయన అడగలేదు.