ఊనికకు నియమం లేదనే వాదం

ఇంగ్లీషు పదాల్లో ఊనిక, అంటే ఒక అక్షరాన్ని మిగిలినవాటికంటే బలంగా పలకడం, ఏ నియమానికీ లొంగదనీ, కనుక ప్రతి పదాన్నీ విడిగా బట్టీ పట్టడమే మార్గమనీ బోధకులలో పాతుకుపోయిన అభిప్రాయం పొట్టి పదాల విషయంలో కొంత చెల్లవచ్చు గాని, పొడవాటి పదాల దగ్గర మాత్రం నిలవదు.

ఫోటోగ్రాఫ్‌లో మొదటి అక్షరంపైన, ఫొటాగ్రఫీలో రెండవదానిపైన, ఫోటోగ్రాఫిక్‌లో మూడవదానిపైన ఊనిక పడడాన్ని ఈ వాదులు అరాచకానికి సాక్ష్యంగా చూపుతారు. నిజానికి దాన్ని జరిపేది పదం చివర చేరిన భాగమే. 'ఇక్', 'ఇటీ', 'షన్' అనే ప్రత్యయాలు తమకు సరిగ్గా ముందున్న అక్షరానికి ఊనికను లాక్కుంటాయి కనుకనే ఎలెక్ట్రిక్‌లో 'లెక్' మీదున్నది ఎలెక్ట్రిసిటీలో 'ట్రి' మీదికి వస్తుంది. 'నెస్', 'లెస్', 'ఫుల్' వంటివి దాన్ని కదిలించవు. మొదటి జట్టు లాటిన్, గ్రీకు మూలాలది, 1066 నాటి నార్మన్ విజయం తరవాత ఫ్రెంచి ద్వారా వెల్లువెత్తిన పదజాలంతో బలపడింది. రెండవది ఇంగ్లీషు పుట్టుకతో వచ్చిన జర్మానిక్ సొత్తు.

పదాన్ని మొదటినుంచి ముక్కలు చేసి చదివించే పద్ధతి ఈ సంగతిని కప్పిపుచ్చుతుంది. నిఘంటువుల్లోని విరుపు గుర్తులు చాలాచోట్ల పంక్తి చివర పదాన్ని ఎక్కడ విరవవచ్చో ముద్రాపకుడికి చెప్పేవే తప్ప ఉచ్చారణకు కొలతలు కావు: నాలెడ్జ్‌ను అమెరికన్ సంప్రదాయం 'ఎల్' తరవాత విరిస్తే, బ్రిటిష్ సంప్రదాయం దానికి ముందే విరుస్తుంది.

గురులఘువులు తెలిసిన తెలుగువారికైతే ఇలాంటి ప్రత్యయాలు లేని పదాల నియమం కొత్త కూడా కాకూడదు. భాషాశాస్త్రవేత్తలు చోమ్‌స్కీ, హాలీ 1968లో ప్రకటించిన గ్రంథంలో ఇంగ్లీషు ఊనికకు చూపిన సూత్రం లాటిన్ సూత్రానికి దగ్గర చుట్టం: నామవాచకంలో చివరి అక్షరాన్ని సాధారణంగా వదిలేసి, దాని ముందున్నది గురువైతే ఊనిక అక్కడ, లఘువైతే ఇంకొక అక్షరం వెనక్కి. అజెండాలో 'జెం' గురువు కనుక ఊనిక దానిది. అమెరికాలో 'రి' లఘువు కనుక 'మె'ది.

'ఇక్' నియమానికి పాలిటిక్స్, అరబిక్, అరిత్మెటిక్ వంటి అపవాదాలు ఉన్నమాట నిజమే, కాని అవి గుర్తుంచుకోదగినంత కొద్ది. ఇంగ్లీషు మాతృభాషగా గలవారే కిలోమీటర్‌లో ఊనికను 'కి' నుంచి 'లో' మీదికి జరిపి పలకడాన్ని ఛాందసులు తప్పుపడతారు. థర్మామీటర్, బారోమీటర్‌ల బాణీ ఆ నోళ్ళలో పనిచేస్తూ ఉండకపోతే అంతమంది ఒకే తప్పు ఎందుకు చేస్తారో నియమరాహిత్యవాదులు వివరించవలసి ఉంటుంది.