ఒప్పందం నుంచి సెల్లు దాకా

సీసం పలకలు, గంధకామ్లంతో పనిచేసే బ్యాటరీల మార్కెట్టును చిరకాలంగా పంచుకుంటున్న రెండు సంస్థలు, అంటే 1985లో గల్లా రామచంద్రనాయుడు తిరుపతి దగ్గర స్థాపించిన అమరరాజా, కోల్‌కతాకు చెందిన ఎక్సైడ్, లిథియం అయాన్ సెల్లుల తయారీకి పూనుకోవడంతో, వీటిలో ఏది ముందు గట్టెక్కుతుందన్న అంచనాయే మదుపరులకు పెద్ద పందెమైంది. 2024 ఏప్రిల్‌లో హ్యుందాయ్, కియాలతో అవగాహన కుదిరిందనగానే ఎక్సైడ్ షేరు ఎగసింది. జూన్‌లో లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లుల పరిజ్ఞానం కోసం చైనాకు చెందిన గోషన్ వర్గపు సంస్థతో సంతకాలు చేయగానే అమరరాజా షేరు 20 శాతం పెరిగి అప్పర్ సర్క్యూట్‌ను, అంటే ఒక రోజు పెరుగుదలకు ఎక్స్ఛేంజీ విధించే హద్దును తాకింది.

అయితే ఇలాంటి ఒప్పందంతో దక్కే లైసెన్సు, తయారీ పద్ధతిని వాడుకునే అనుమతి మాత్రమే. రేకుమీది పూత మందంలో మైక్రాన్ల తేడా వచ్చినా, గదిలో కాస్త తేమ చేరినా సెల్లు తుక్కుపాలవుతుంది కనుక, తయారైన ప్రతి వంద సెల్లుల్లో పరీక్షలకు నిలిచేవి ఎన్ని అన్న లెక్కే కర్మాగారం బతుకును నిర్ణయిస్తుంది. మదుపరులు వందల కోట్ల డాలర్లు గుమ్మరించిన స్వీడన్ సంస్థ నార్త్‌వోల్ట్, అనుకున్న మేరకు సెల్లులు తీయలేక బీఎండబ్ల్యూ ఆర్డరును పోగొట్టుకుని, 2025 మార్చిలో దివాలా తీసింది.

అసలు పోటీ ఎక్సైడ్, అమరరాజాల మధ్య లేదు. ప్రపంచ విద్యుత్ వాహనాల బ్యాటరీల్లో మూడో వంతుకు పైగా ఒక్క సీఏటీఎల్ సంస్థే అందిస్తున్న చైనాతో ఉంది. పదేళ్లలో రూ.9,500 కోట్ల పెట్టుబడితో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా తలపెట్టిన కర్మాగారం చైనా సెల్లుల ధరతోనే తలపడాలి. సెల్లు ధర తగ్గడం మదుపరికి గుబులే అయినా, కరెంటు పోయినప్పుడు ఆదుకునే బ్యాటరీలు చవకవుతాయి కనుక, 2018 అక్టోబరు తిత్లీ తుపానుకు రోజుల తరబడి చీకట్లో మగ్గిన ఉత్తరాంధ్రలోని ఉద్దానానికీ, కళింగపట్నం తీరానికీ అది నిజంగా మేలు.

ఉత్తరాంధ్ర పట్టించుకోవలసిన సంగతి మరొకటి ఉంది. గరివిడి, చీపురుపల్లి ప్రాంతాల మాంగనీసు 1890ల నుంచి గనుల్లోంచి వస్తూనే ఉంది, అది ప్రధానంగా ఉక్కుకే పోయింది. కొన్ని రకాల లిథియం సెల్లులకు కావలసింది బాగా శుద్ధిచేసిన మాంగనీసు సల్ఫేటు. దాని తయారీ దాదాపు అంతా చైనాదే. భాస్వరం ఎక్కువగా ఉండే ఇక్కడి ఖనిజాన్ని ఆ స్థాయికి తేవడం గిట్టుబాటవుతుందా అన్నది ప్రయోగశాలలో ఓపికగా తేల్చవలసిన ప్రశ్న. షేరు ధరల పందెంలో దానికి చోటు లేదు.